లారీ పరీక్ష మన రోడ్డు మీదే, లెక్క రాసేది ఎవరు?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా చదువు గురించి, అంబేడ్కర్ గురించి, అమ్మానాన్నల కష్టం గురించి మంచి వ్యాసాలు వస్తున్నాయి. ఈసారి మేము రోడ్డు గురించి రాస్తున్నాం. నవ్వకండి తమ్ముళ్ళూ. కర్నూలు, కడప జిల్లాల నుంచి ఈ హాస్టల్‌కు వచ్చిన మనలో రోడ్డుతో సంబంధం లేని ఇల్లు చాలా తక్కువ. ఒకరి నాన్న లారీ డ్రైవరు, ఒకరి మామ క్లీనరు, ఒకరి చిన్నాన్న బేతంచెర్ల వైపు గనిలో నాపరాయి తీస్తాడు, ఒకరి అమ్మ ఎండాకాలంలో రోడ్డు పనికి పోయి కంకర గంపలు మోస్తుంది. మేము ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా చూసినవాళ్ళం. సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు పీజీలో రోడ్ల గురించే చదువుతున్నాం. మన ఇళ్ళలో అందరూ చేతులతో చేసిన పనిని మేము పుస్తకంలో చదువుతున్నాం, అంతే తేడా.

ఆ చదువులో మొదటి నెలలోనే ఒక పేరు వస్తుంది: ఆషో రోడ్ టెస్ట్. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒటావా అనే ఊరి దగ్గర 1958 నుంచి 1960 వరకు జరిగిన పరీక్ష. అప్పట్లో అక్కడి రాష్ట్రాల మధ్య పెద్ద తగువు ఉండేది. బరువు లారీలు రోడ్డును ఎంత పాడుచేస్తాయి, వాటి నుంచి ఎంత పన్ను వసూలు చేయాలి, ఎంత బరువు దాకా అనుమతించాలి అని. వాదించుకుంటూ కూర్చోకుండా వాళ్ళు ఒక పని చేశారు. బయటి వాహనాలు రాకుండా ఆరు చుట్టు రోడ్లు విడిగా వేశారు. ఒక్కో చోట తారు మందం మార్చారు, కంకర మందం మార్చారు, కొంత భాగం సిమెంటు కాంక్రీటుతో వేశారు. అన్నీ కలిపి 836 ముక్కలు. వాటి మీద సైనికుల చేత లారీలు తిప్పించారు. ఒక వరుసలో తేలిక లారీలు, ఇంకో వరుసలో మధ్యరకం, మరో వరుసలో మహా బరువువి. రెండేళ్ళు పగలూ రాత్రీ తిరిగితే ఒక్కో వరుస మీద 11 లక్షల 14 వేల సార్లు ఇరుసు బరువు పడింది. ఎన్నో తిరుగుడులో ఎక్కడ పగులు వచ్చింది, చక్రాల దారి ఎంత కుంగింది అని ఎప్పటికప్పుడు రాసుకున్నారు. ఖర్చు 2 కోట్ల 70 లక్షల డాలర్లు.

ఆ ఆరు చుట్లలో మొదటి చుట్టు మీద లారీలు తిప్పలేదు. ఊరికే వదిలేశారు. ఎందుకంటే ఎండ, వాన, మంచు ఒక్కటే రోడ్డును ఎంత పాడుచేస్తాయో వేరుగా తెలియాలి కదా. లారీ పాపం ఎంత, వాతావరణం పాపం ఎంత అని విడదీసి చూశారు. మన దగ్గర రోడ్డు పోతే కాంట్రాక్టరు వానను తిడతాడు, జనం కాంట్రాక్టరును తిడతారు, ఆఫీసరు లారీని తిడతాడు. ఎవరి మాట ఎంత నిజమో తేల్చడానికి చేతిలో ఒక్క అంకె ఉండదు.

ఆ పరీక్ష నుంచి వచ్చిందే నాలుగో ఘాతం లెక్క. దీన్ని ఎనిమిదో తరగతి తమ్ముడు కూడా చేయవచ్చు. ఒక ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలు కాదు. రెండును నాలుగుసార్లు గుణించండి, 16 వస్తుంది. పదహారింతలు. చాలా దేశాల్లో 8.16 టన్నుల ఇరుసును ఒక కొలతగా పెట్టుకున్నారు. అలాంటి ఇరుసు ఒకసారి పోతే ఒక దెబ్బ. అరటన్ను ఇరుసు ఉన్న చిన్న కారు అదే దెబ్బ కొట్టాలంటే దాదాపు 70 వేల సార్లు పోవాలి. అంటే మన ఆటోలు, మోటార్ సైకిళ్ళు, సంతకు పోయే జీపులు అన్నీ కలిపినా రోడ్డుకు లెక్కలోకి రావు. రోడ్డు తగిలేది లారీ ఇరుసుకే.

ఇంకో సంగతి. బరువు చూడాల్సింది లారీ మొత్తానికి కాదు, ఇరుసుకు. పద్నాలుగు టైర్ల పెద్ద బండి ఎదురొస్తే మనం భయపడి పక్కకు తప్పుకుంటాం. కానీ దాని బరువు నాలుగైదు ఇరుసుల మీద సర్దుకుంటుంది. రోడ్డు భయపడాల్సింది ఆరు టైర్ల పాత లారీని చూసి. దాని వెనక ఇరుసు ఒక్కటే. మోసేదంతా అదే.

ఇప్పుడు మన బండల సంగతికి వద్దాం. ఎండుగడ్డి లారీని చూస్తే ఎంత లోడో కంటికి తెలుస్తుంది. బండల లారీని చూస్తే ఏమీ తెలియదు. నాపరాయి ఒక ఘనమీటరు సుమారు 2.6, 2.7 టన్నులు తూగుతుంది. ఆరు టైర్ల లారీ తొట్టి 5 మీటర్ల పొడవు, 2.2 మీటర్ల వెడల్పు అనుకుని మేము లెక్క వేశాం. సందులు లేకుండా బండలు పేర్చితే మోకాలికి కాస్త దిగువకు వచ్చేసరికే పది టన్నులు దాటుతుంది. పాత నిబంధన ప్రకారం ఆ లారీ పని అక్కడితో అయిపోయింది. మిగతా తొట్టంతా ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ తొట్టిని చూసి ఎవరు ఊరుకుంటారు? ఇంకో జానెడు వేస్తారు. ఆ జానెడుతో వెనక ఇరుసు పది టన్నుల నుంచి పదహారు టన్నులకు పోతుంది. నాలుగో ఘాతం లెక్కలో రోడ్డుకు తగిలే దెబ్బ రెండున్నర నుంచి పదహారుకు పోతుంది. జానెడు బండకు ఆరున్నర రెట్లు! ఇక మంగంపేట ముగ్గురాయి అయితే నాపరాయి కంటే ఇంకా ఒకటిన్నర రెట్లు బరువు, దానికి జానెడు కూడా అక్కరలేదు.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు మీదుగా కడప పోయే రోడ్డును పెద్దవాళ్ళు ఇప్పటికీ పద్దెనిమిదో నంబరు రోడ్డు అంటారు. ఇప్పుడది 40వ నంబరు జాతీయ రహదారి. అది నాలుగు వరుసల పెద్ద రోడ్డు, దాని బాధ దానిది. మా బాధ దాంట్లోకి వచ్చి కలిసే చిన్న రోడ్ల గురించి. కొలిమిగుండ్ల, బనగానపల్లె, అవుకు, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల నుంచి, పాలిష్ ఫ్యాక్టరీల నుంచి, సిమెంటు ఫ్యాక్టరీల నుంచి లారీలు ముందు దిగేది పల్లె రోడ్ల మీదికే. ఆ రోడ్లు వేసేటప్పుడు అవి బడికి, ఆస్పత్రికి, మార్కెట్ యార్డుకు పోయే రోడ్లు. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఉద్దేశం కూడా అదే. అలాంటి తక్కువ రాకపోకల తారు రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2007లో ఒక మార్గదర్శక పుస్తకం తెచ్చింది. అందులో గరిష్ఠ లెక్క పదేళ్ళ ఆయుష్షులో 10 లక్షల దెబ్బలు.

ఒక పల్లె రోడ్డు మీద రోజుకు 50 బండల లారీలు పోతాయనుకోండి, ఏడాదికి 300 రోజులు. ముందు ఇరుసును, ఖాళీగా తిరిగి వచ్చే బండిని పక్కన పెడదాం. వెనక ఇరుసు 10.2 టన్నులే అయితే 10 లక్షల దెబ్బలు పడటానికి 27 ఏళ్ళు పడుతుంది. అదే 16.3 టన్నులైతే నాలుగేళ్ళు చాలు. అవే లారీలు, అదే డ్రైవర్లు, అదే రోడ్డు. జానెడు బండ తేడాతో 23 ఏళ్ళు పోయాయి. నాలుగేళ్ళ తర్వాత ఆ రోడ్డు మీద 108 అంబులెన్సు గర్భిణిని ఎక్కించుకుని ఎలా పోతుందో మనలో చాలామందికి తెలుసు. గుంతలు పడిందని బస్సు రాకపోతే బడి మానేసేది ఎవరో కూడా తెలుసు. ఆడపిల్లలు.

ఇప్పటిదాకా చెప్పింది అమెరికా లెక్క. మా అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఒటావాలో రోడ్లు వేసింది ఒకే రకం బంకమట్టి మీద. అక్కడ చలికాలంలో నేల గడ్డకడుతుంది, వసంతంలో మంచు కరిగి నేల మెత్తబడ్డప్పుడు తారు రోడ్లు ఎక్కువగా దెబ్బతిన్నాయని వాళ్ళే రాసుకున్నారు. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నేలల్లో మంచు ఎక్కడిది? మనది నల్లరేగడి. ఎండాకాలంలో నెర్రెలిచ్చి కాలు దిగేంత చీలుతుంది, వాన పడితే ఉబ్బుతుంది. కింద నేల ఏడాదికి ఒకసారి లేచి ఒకసారి కుంగుతుంటే పైన తారు ఏం నిలుస్తుంది? రోడ్డు నడిమధ్య నేల పొడిగా ఉంటుంది, అంచులు తడుస్తాయి. అందుకే మన రోడ్లు ముందు అంచుల్లో పొడవుగా చీలుతాయి. కే.సీ. కాలువ పక్కన పోయే రోడ్లకు ఊట తడి ఉండేది వేరే కథ. ఇక 45 డిగ్రీల ఎండలో తారు మెత్తబడి లారీ చక్రాల కింద కాలువలు పడటం కర్నూలు వాళ్ళకు కొత్తగా చెప్పాలా?

మన దేశంలో తారు రోడ్ల డిజైన్ పుస్తకం ఐఆర్‌సీ 37. మొదట 1970లో వచ్చింది, తర్వాత 1984, 2001, 2012, 2018లలో మార్చారు. అందులో మన నేలల మీద, మన రోడ్ల మీద చేసిన పరిశోధన చాలా ఉంది, దాన్ని చిన్నచూపు చూడటం లేదు. కానీ వేర్వేరు ఇరుసుల బరువును దెబ్బల్లోకి మార్చేటప్పుడు ఇప్పటికీ ఆ నాలుగో ఘాతమే వాడుతున్నాం. మన రేగడి మీద అది నాలుగేనా, అయిదా, ఆరా? నేల మెత్తనైన వానాకాలంలో ఒకటి, నేల గట్టిపడ్డ మే నెలలో ఇంకొకటా? ఒటావా పరీక్ష దీనికి జవాబు చెప్పలేదు. చెప్పాలంటే ఇక్కడి మట్టి మీద, ఇక్కడి ఎండలో లారీ తిప్పాలి.

ఇది ఊరికే పుస్తకాల చర్చ అనుకోకండి. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం లారీల ఇరుసు బరువు పరిమితి పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులు ఉండేది 11.5 అయింది. రవాణా ఖర్చు తగ్గుతుంది, ఎలాగూ మోస్తున్న బరువు చట్టబద్ధం అవుతుంది అన్నారు. లారీ మీద బతికే ఇళ్ళ నుంచి వచ్చిన మేము దాన్ని గుడ్డిగా తప్పుపట్టం. ఒక ట్రిప్పుకు నాలుగు రాళ్ళు ఎక్కువ వస్తే ఎవరికి చేదు? కానీ నాలుగో ఘాతం లెక్క వేసి చూడండి. బరువు పెరిగింది నూటికి 13, రోడ్డుకు దెబ్బ పెరిగింది నూటికి 62. అంతకుముందు వేసిన పల్లె రోడ్లన్నీ పాత లెక్కకు వేసినవి. కాగితం మీద పరిమితి ఒక్క రోజులో పెరిగింది, రోడ్డు మందం పెరగలేదు.

లారీలను పరీక్షించడానికి మన దేశంలో చోటు లేదా అంటే ఉంది. మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో నాట్రాక్స్ అని సుమారు వెయ్యి ఎకరాల పరీక్షా కేంద్రం ఉంది. 2021 జూన్‌లో అక్కడ 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్ ప్రారంభించారు. బ్రేకు, వేగం, స్టీరింగు అన్నీ చూస్తారు. మంచిదే. కానీ అక్కడ పరీక్ష రాసేది బండి, రోడ్డు కాదు. రోడ్డుకు పరీక్ష పెట్టే పని 1952లో మొదలైన ఢిల్లీలోని కేంద్ర రోడ్డు పరిశోధనా సంస్థది. వాళ్ళ దగ్గర ఒక యంత్రం ఉంది. బరువు పెట్టిన చక్రాన్ని ఒక చిన్న రోడ్డు ముక్క మీద ముందుకూ వెనక్కూ నడిపి, ఏళ్ళలో జరిగే అరుగుదలను నెలల్లో చూపిస్తుంది. అది పనికొచ్చే యంత్రమే. అయినా చిన్న ముక్క మీద ఒక చక్రం తిరగడం వేరు, నిజం లారీ నిజం డ్రైవరుతో మలుపు తిరిగి, బ్రేకు కొట్టి, వానలో పోవడం వేరు.

అమెరికాలోనే ఇంకో నమూనా ఉంది. అది మనకు నప్పుతుందని మా అభిప్రాయం. అలబామాలో ఆబర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2000 నుంచి ఒక ట్రాక్ నడుపుతున్నారు. 2.7 కిలోమీటర్ల గుండ్రటి రోడ్డు. దాన్ని 60 మీటర్ల చొప్పున 46 ముక్కలు చేశారు. ఏ రాష్ట్రం రోడ్ల శాఖకు ఏ సందేహం ఉంటే ఆ శాఖ తన ముక్కకు తాను డబ్బు పెట్టి, తన తారు, తన కంకర వేయించుకుంటుంది. లారీలు అందరి ముక్కల మీదా తిరుగుతాయి. రెండేళ్ళలో కోటి దెబ్బలు పడతాయి. ఖర్చు ఒకరి నెత్తి మీద పడదు. అదే దేశంలో నెవాడా రాష్ట్రంలో 1990లలో వెస్ట్రాక్ అనే ట్రాక్ మీద డ్రైవర్లు లేకుండానే లారీలు తిప్పారు. మనకు ఆ అవసరం లేదు, డ్రైవర్లకు కొరత లేదు.

అలాంటి ట్రాక్ ఒకటి కర్నూలు, కడపల మధ్య రేగడి నేల మీద పెట్టాలి. రేగడి మనదొక్కటే కాదు, మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, మధ్యప్రదేశ్ దాకా ఉంది. ఆ రాష్ట్రాలు తలా నాలుగు ముక్కలు తీసుకోవచ్చు. ఒక ముక్క బేతంచెర్ల గనుల్లో కొండలుగా పడి ఉన్న బండ ముక్కల కంకరతో వేయవచ్చు. ఒక ముక్కలో కింద మట్టిని సున్నంతో కలిపి గట్టిపరచవచ్చు. ఒకదానికి రాయలసీమ థర్మల్ ప్లాంటు బూడిద వాడవచ్చు. ఇవేవీ కొత్త ఆలోచనలు కావు, ప్రయోగశాలలో గిన్నెల్లో ఎన్నోసార్లు చూసినవే. మా సీనియర్ల ప్రాజెక్టు రిపోర్టులు లైబ్రరీ అటక మీద కట్టలు కట్టి ఉన్నాయి. గిన్నెలో నిలిచింది లారీ కింద నిలుస్తుందా అన్నదే తేలలేదు. ఒక ముక్కను మాత్రం ఆషో వాళ్ళలాగా ఊరికే వదిలేయాలి, ఎండకూ వానకూ.

భూమి ఎక్కడిది అంటారేమో. కర్నూలు దగ్గర ఆయుధాల పరీక్షకు డీఆర్‌డీఓ రేంజి ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ లేజర్ ఆయుధంతో ఎగిరే డ్రోన్‌ను కూల్చి చూపించారు. దేశానికి అవసరమైన పరీక్షకు సీమలో బీడు భూమి దొరికింది కదా. రోడ్డు పరీక్షకు దానిలో చిన్న భాగం చాలు. ఇంజనీరింగ్ కాలేజీలు కర్నూలులో, ప్రొద్దుటూరులో, అనంతపురంలో ఉన్నాయి. అక్కడ చదివే మన తమ్ముళ్ళు కొలతలు తీసే పనికి హైదరాబాదు, బెంగుళూరు పోనక్కరలేదు.

ఒకటి ఒప్పుకోవాలి. ట్రాక్ అన్నీ చెప్పదు. పదేళ్ళ లారీలను రెండేళ్ళలో తిప్పవచ్చు గానీ పది వానాకాలాలను రెండేళ్ళలో కురిపించలేం. తారు వయసు మీరి ఎండిపోవడానికి దాని కాలం దానికి పడుతుంది. కాబట్టి ట్రాక్‌తో పాటు బయట నిజమైన రోడ్ల మీద కూడా లెక్క రాయాలి. ఆ మాటకొస్తే మన రోడ్ల మీద పరీక్ష ఎప్పటి నుంచో జరుగుతూనే ఉంది. లారీలు తిరుగుతున్నాయి, రోడ్లు పగులుతున్నాయి, జనం పడుతున్నారు, లేస్తున్నారు. ఒటావాలో పరీక్షకు బయటి మనిషిని రానివ్వలేదు. మన దగ్గర పిల్లల సైకిళ్ళు, గొర్రెల మందలు, పెళ్ళి ట్రాక్టర్లు అన్నీ ట్రాక్ మీదే ఉన్నాయి. వాళ్ళు రెండేళ్ళలో పుస్తకాలకు పుస్తకాలు రాశారు. మనకు ఇన్నేళ్ళలో ప్యాచ్ వర్క్ బిల్లులు మిగిలాయి.

ట్రాక్ వచ్చేలోపు ఏం చేయాలి అంటే, బరువు తూచాల్సింది రోడ్డు మీద కాదు, గని గేటు దగ్గర. లారీ రోడ్డెక్కాక పట్టుకుంటే దొరికేది డ్రైవరు. లోడు ఎంత వేయాలో అతను చెప్పడు. వద్దంటే ఆ ట్రిప్పు ఇంకొకరికి పోతుంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం ఓవర్ లోడుకు 20 వేల రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలకూడదు. 2005లోనే సుప్రీంకోర్టు కూడా జరిమానా కట్టించుకుని అదే లోడుతో బండిని పంపడం చెల్లదని చెప్పింది. ఆ సెక్షన్‌లో నడిపినవాడితో పాటు నడిపించినవాడు, నడపనిచ్చినవాడు అనే మాటలు ఉన్నాయి. జరిమానా కాగితం మీద నడిపించినవాడి పేరు ఎన్నిసార్లు చూశామో మన ఇళ్ళలో అడిగి చూడండి. గని గేటు దగ్గర కాటా పెట్టి, కాటా చీటీ లేని బండిని బయటికి వదలకపోతే రాత్రిపూట రోడ్డు మీద డ్రైవరును ఆపి బెదిరించే అవసరమే ఉండదు.

ఇక ఈ హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్ళతో ఒక పని. మన గేటు ముందు నుంచే బండల లారీలు పోతాయి. తొమ్మిది, పది తరగతుల వాళ్ళు జట్లుగా విడిపోయి ఏడు రోజులు లెక్క రాయండి. రోడ్ల శాఖ కూడా ట్రాఫిక్ సర్వే ఏడు రోజులే చేస్తుంది. సంత రోజు, ఆదివారం రెండూ వస్తాయి కాబట్టి వారం కావాలి. పగలు మీరు చూడండి, రాత్రి లెక్కకు దసరా సెలవుల్లో మేము వచ్చి కూర్చుంటాం. ఎన్ని టైర్లు, ఎన్ని ఇరుసులు, లోడా ఖాళీనా, ఏ వైపు పోయింది, ఇంతే. బండి నంబరు రాయొద్దు, డ్రైవరు మన మనిషే. దాంతో పాటు గేటు నుంచి బోరింగు దాకా రోడ్డు మీద ఉన్న పగుళ్ళను, గుంతలను అడుగుల్లో కొలిచి, నెలకొకసారి తేదీ వేసి పెట్టండి. వాన పడిన రోజు తప్పకుండా రాయండి. గీతలు కొట్టిన కాగితాలు వంద జిరాక్స్ తీసి లైబ్రరీ బీరువాలో కింది అరలో పెట్టాం. తాళం వాచ్‌మన్ పెద్దనాన్న దగ్గర ఉంటుంది.